కుక్క కాటుకు తొలి మందు పంపు నీళ్లు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కుక్క కాటు గురించే ఉన్నాయి. ఒకే సందేహం అడిగిన ఉత్తరాలను కలిపి, అందరికీ పనికొచ్చేలా జవాబులు ఇస్తున్నాం. పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మా ఆరేళ్ల బాబును నిన్న సాయంత్రం వీధికుక్క పిక్క మీద కరిచింది. రెండు పళ్లు దిగాయి. మా అత్తగారు వెంటనే పసుపు, కారం కలిపి అద్దారు. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరుగారు టీటీ ఇంజెక్షన్ చేసి కట్టు కట్టారు. కుక్క బాగానే తిరుగుతోంది, భయం లేదంటున్నారు. అయినా ఆసుపత్రికి తీసుకెళ్లాలా?
— ఒక తల్లి, పొన్నూరు

తీసుకెళ్లాలమ్మా, ఈరోజే. అయితే బయల్దేరే ముందు ఇంట్లోనే ఒక పని చేయండి. కట్టు విప్పేసి, బాబును పంపు దగ్గర కూర్చోబెట్టి, ధార నేరుగా గాయం మీద పడేలా కాలు పెట్టించండి. ఒంటి సబ్బయినా బట్టల సబ్బయినా ఫర్వాలేదు, నురగ వచ్చేలా రుద్ది కడగండి. పంటిగాటు పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది కానీ లోపలికి అంగుళం దాకా దిగి ఉండొచ్చు. అందుకే ఆ రెండు గాట్ల అంచులనూ వేళ్లతో కొంచెం విడదీసి, నీళ్లు లోపలికి పోయేలా పట్టండి. బ్రష్షుతోనో పీచుతోనో గీకొద్దు. ఇలా పదిహేను నిమిషాలు కడగాలి. పిల్లవాడు ఏడుస్తుంటే మూడు నిమిషాలే పదిహేనులా అనిపిస్తాయి, కాబట్టి ఫోనులో టైము పెట్టుకోండి. నిన్న కరిచింది కదా, ఇప్పుడు కడిగి ఏం లాభం అనుకోవద్దు. ఆలస్యమైనా కడగాల్సిందే.

సబ్బు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, రేబిస్ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను కరిగించేస్తుంది, దాంతో వైరస్ అక్కడే చస్తుంది. కుక్క ఎంగిలితో లోపలికి వెళ్లిన వైరస్ వెంటనే మెదడుకు పోదు. కొంతకాలం గాయంలోనూ చుట్టుపక్కల కండలోనూ ఉండి, ఆ తర్వాత నరంలోకి ఎక్కి, నరం వెంబడే మెదడు వైపు సాగుతుంది. నరంలోకి ఎక్కాక దాన్ని పట్టుకోవడం కష్టం. మెదడుకు చేరి జబ్బు లక్షణాలు బయటపడ్డాక ఇక చేయగలిగిన వైద్యం లేదు, రోగి దక్కడు. అందుకే మన ప్రయత్నమంతా అది గాయం దగ్గర ఉన్నప్పుడే జరిగిపోవాలి.

కారం, సున్నం, జిల్లేడు పాలు, కాఫీ పొడి, కిరసనాయిలు, ఆకు పసరు ఏవీ ఈ పని చేయవు. పైగా గాయాన్ని రేపి, రుద్దినప్పుడు వైరస్‌ను ఇంకా లోపలికి నెడతాయి. అత్తగారిని తప్పు పట్టకండి, ఆమె తనకు తెలిసింది చేశారు. అద్దినదంతా ఇప్పుడు కడిగేస్తే చాలు. కడిగాక పొవిడోన్ అయోడిన్ లోషన్ రాసి గాయాన్ని అలాగే వదిలేయండి, మళ్లీ కట్టు కట్టొద్దు. కుట్లు కూడా వేయించకూడదు, సూది దిగిన ప్రతిచోటా వైరస్‌కు కొత్త దారి తెరుచుకుంటుంది. ముఖం చీలిపోయి కుట్లు తప్పవనుకుంటే ముందు గాయంలో సీరం (వైరస్‌ను అక్కడే కట్టిపడేసే మందు) ఎక్కించి, కొన్ని గంటలు ఆగి, వదులుగా ఒకటి రెండు వేస్తారు.

టీటీ ధనుర్వాతానికి. దానికీ రేబిస్‌కూ సంబంధం లేదు. టీటీ వేయించుకుని "కుక్క ఇంజెక్షన్ అయిపోయింది" అనుకునేవాళ్లు ఊరూరా ఉన్నారు, ఆ పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది. కుక్క బాగానే తిరుగుతోందన్నది కూడా ధీమా కాదు. జబ్బు బయటపడడానికి కొద్దిరోజుల ముందే దాని ఎంగిలిలో వైరస్ ఉంటుంది.

ఇంకొక్క మాట. బాబు బట్టలు తీసి, మంచి వెలుతురులో ఒళ్లంతా ఒకసారి చూడండి. జుట్టు లోపల, చెవుల వెనక, వేళ్ల సందుల్లో కూడా వెతకండి. పెద్ద గాయం ఒకటి కనిపించగానే మనం చిన్నవాటిని వదిలేస్తాం, పిల్లలు తిడతారని చెప్పరు. కనిపించిన ప్రతి గాటునూ ఇలాగే కడగాలి, డాక్టరుకూ చూపించాలి.

ప్రశ్న: కుక్క చేతి మీద కండ ఊడేలా కరిచింది. పీహెచ్‌సీలో వ్యాక్సిన్ వేశారు. సీరం కోసం జిల్లా ఆసుపత్రికి వెళ్లమని చీటీ రాసిచ్చారు. కూలి పోతుందని వెళ్లలేదు, నాలుగు రోజులైంది. వ్యాక్సిన్ పడింది కదా, సీరం కూడా తప్పదా?
— నల్లగొండ జిల్లా పాఠకుడు

తప్పదు. రేపు కూలి మానుకుని వెళ్లండి. మీకింకా వ్యవధి ఉంది, కానీ ఎక్కువ లేదు. మొదటి వ్యాక్సిన్ పడిన రోజు నుంచి ఏడు రోజుల్లోపే సీరం ఎక్కించాలి. ఆ గడువు దాటితే ఇక ఇవ్వరు.

రెండూ ఎందుకో చెబుతాం. వ్యాక్సిన్ అంటే శత్రువు ఆనవాళ్లు ఒంటికి చూపించడం. వాటిని చూసి ఒళ్లు తన సొంత రక్షణను తయారు చేసుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఈలోగా గాయంలో ఉన్న వైరస్ ఆగదు కదా. ఆ మధ్య రోజుల్లో కాపు కాసేది సీరమే. అది తయారైన రక్షణ, అంటే ఇమ్యునోగ్లోబ్యులిన్. దాన్ని నేరుగా గాయంలోకే ఎక్కిస్తే అక్కడున్న వైరస్‌ను అక్కడే కట్టిపడేస్తుంది. వ్యాక్సిన్ వేసుకుని కూడా రేబిస్‌తో చనిపోయిన ఉదంతాలను తరచి చూస్తే ఎక్కువగా బయటపడేవి ఇవే: గాయం కడగకపోవడం, సీరం ఇవ్వకపోవడం, ఇచ్చినా గాయంలో ఇవ్వకపోవడం.

సీరం అందరికీ అక్కర్లేదు. దేనికి ఏ వైద్యమన్నది ఇలా తేలుస్తారు. కుక్కను తాకారు, అన్నం పెట్టారు, ఏ గాయమూ లేని చర్మాన్ని నాకింది: కడుక్కుంటే చాలు, ఇంజెక్షన్ అక్కర్లేదు. పన్ను ఆనింది, గోరు గీరింది, రక్తం రాలేదు: వ్యాక్సిన్ వేయాలి. రక్తం వచ్చేలా కరిచింది, రక్కింది, పుండు మీదో గీరుకున్న చోటో నాకింది, కంట్లో నోట్లో ఎంగిలి పడింది: వ్యాక్సిన్‌తోపాటు సీరం కూడా. దీన్నే మూడో కేటగిరీ అంటారు, మీది అదే. హెచ్‌ఐవీ, క్యాన్సర్ మందులు వంటి వాటివల్ల రోగనిరోధక శక్తి తగ్గినవారికైతే రక్తం రాకపోయినా సీరం ఇస్తారు.

మోతాదును ఒంటి బరువును బట్టి లెక్కిస్తారు. గుర్రం రక్తం నుంచి తీసిన సీరమైతే కిలోకు 40 యూనిట్లు, మనిషి రక్తం నుంచి తీసినదైతే కిలోకు 20 యూనిట్లు. మీరు 60 కిలోలుంటే గుర్రం సీరం 2400 యూనిట్లు కావాలి. మిల్లీలీటరుకు 300 యూనిట్లున్న మందు అయితే 8 మిల్లీలీటర్లవుతుంది. 5 మిల్లీలీటర్ల సీసా ఒక్కటి చాలదు, రెండోది తెరవాలి. అందుకే బరువు ఉజ్జాయింపుగా చెప్పకుండా కాటా ఎక్కి చెప్పండి. ఇప్పుడు కొన్నిచోట్ల మోనోక్లోనల్ యాంటీబాడీ మందులు కూడా దొరుకుతున్నాయి. వాటి లెక్క వేరు, పని మాత్రం ఇదే.

ఎలా ఎక్కించారన్నది కూడా ముఖ్యం. సూదిని గాయం లోపలికీ, అంచుల చుట్టూ దింపి, ప్రతిచోటా కొంత కొంత వదలాలి. నొప్పి ఉంటుంది, చేతి గాయమైతే మరీ. వేలి కొన మీదైతే చోటు తక్కువ గనుక చాలా నెమ్మదిగా, పట్టినంతే ఇవ్వాలి. బలవంతంగా నింపితే వేలికి రక్తప్రసరణ ఆగే ప్రమాదం ఉంది. ఒకేసారి నాలుగైదు చోట్ల కరిస్తే, లెక్క ప్రకారం వచ్చిన సీరం చాలదు. అప్పుడు మోతాదు పెంచరు, దాన్నే సెలైన్‌తో పలచన చేసి గాయాలన్నింటికీ పంచుతారు. గాయాన్ని వదిలేసి మొత్తం పిరుదుకు పొడిచేస్తే అసలు అవసరమైన చోటికి అది చేరదు. కాబట్టి "గాయంలోనే ఇస్తారు కదండీ" అని అడగడానికి మొహమాటపడొద్దు.

గుర్రం సీరం కొద్దిమందికి పడకపోవచ్చు. ఇంజెక్షన్ అయ్యాక కనీసం అరగంట, వీలైతే గంట ఆసుపత్రిలోనే కూర్చోండి. దద్దుర్లు, ఆయాసం, కళ్లు తిరగడం వంటివి కనిపిస్తే వెంటనే నర్సుకు చెప్పండి. సరిపడకపోవచ్చన్న భయంతో మానేయడం మాత్రం సరికాదు. దద్దుర్లకు మందుంది, రేబిస్‌కు లేదు.

ప్రశ్న: మా పక్కింటాయన ప్రైవేటులో ఐదు డోసులు వేయించుకున్నారు. నాకు ప్రభుత్వాసుపత్రిలో నాలుగుసార్లే రమ్మన్నారు, వెళ్లినప్పుడల్లా రెండు చేతులకూ చీమ కుట్టినట్టు చిన్న సూది. మందు తగ్గించారేమోనని అనుమానం.
— రాజమహేంద్రవరం పాఠకురాలు

తగ్గించలేదమ్మా. రెండూ సరైన పద్ధతులే. పక్కింటాయనకు కండలోకి వేశారు: ప్రతిసారీ ఒక సీసా మొత్తం, 0, 3, 7, 14, 28 రోజుల్లో. మీకు చర్మం పొరలోకి వేశారు: ఒక్కో చేతికి 0.1 మిల్లీలీటరు చొప్పున, 0, 3, 7, 28 రోజుల్లో. చర్మంలో రోగనిరోధక కణాలు దట్టంగా ఉంటాయి గనుక అంత కొంచెం మందుకే ఒళ్లు బాగా స్పందిస్తుంది. ఒక మిల్లీలీటరు సీసా నలుగురైదుగురికి సరిపోతుంది. అందుకే ప్రభుత్వాసుపత్రుల్లో ఈ పద్ధతి పెట్టారు.

సూది సరిగ్గా పడిందో లేదో మీరే చూసుకోవచ్చు. చర్మం పొరలో పడితే అక్కడ చిన్న బుడిపె లేస్తుంది, దాని మీద నిమ్మతొక్క మీది గుంటల్లాంటివి కనిపిస్తాయి. బుడిపె లేవకుండా మందు జారిపోయినట్టు దిగిందంటే సూది లోతుకు పోయిందన్నమాట. అక్కడే సిస్టరుకు చెబితే పక్కన మళ్లీ వేస్తారు. ఇంటికొచ్చాక దాన్ని రుద్దొద్దు, కాపడం పెట్టొద్దు.

ఏ పద్ధతైనా సూది జబ్బకే వేయాలి. రెండేళ్లలోపు పిల్లలకు తొడ ముందు పక్కన వేస్తారు. పిరుదుకు వేస్తే మందు కొవ్వులో ఉండిపోయి సరిగ్గా పనిచేయదు. మోతాదుకు వయసుతో, బరువుతో పని లేదు. పసిపాపకైనా పెద్దవారికైనా వ్యాక్సిన్ అంతే. బరువు లెక్క సీరానికి మాత్రమే.

తేదీల దగ్గర చాలామంది పొరబడుతున్నారు. సున్నా రోజంటే కుక్క కరిచిన రోజు కాదు, మొదటి సూది పడిన రోజు. సోమవారం మొదలుపెట్టారనుకోండి: మూడో రోజు గురువారం, ఏడో రోజు మళ్లీ సోమవారం, పద్నాలుగు, ఇరవై ఎనిమిది కూడా సోమవారాలే. రెండో డోసు తప్ప మిగతావన్నీ అదే వారం పడతాయి, గుర్తుపెట్టుకోవడం తేలిక. ఏ కారణంగానైనా ఒక డోసు తప్పితే, గుర్తొచ్చిన రోజే వెళ్లి వేయించుకుని అక్కడినుంచి కొనసాగించండి. మళ్లీ మొదటినుంచి అక్కర్లేదు. మూడు డోసులయ్యాక గాయం మానిపోయిందని నాలుగోది వదిలేసేవాళ్లు ఎక్కువ. గాయం మానడానికీ వైరస్ పోవడానికీ సంబంధం లేదు.

బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లన్నది పాతకాలం మాట. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ వ్యాక్సిన్ తయారీ మన దేశంలో 2004 చివరికి ఆగిపోయింది. ఆ భయంతో ఇప్పుడు ఆసుపత్రికి పోకుండా ఉండక్కర్లేదు.

ప్రశ్న: ఇంజెక్షన్లు వేయించుకునేటప్పుడు ఏ పథ్యం చేయాలి? నేను గర్భిణిని, ఐదో నెల.
— ఒక సోదరి, కర్నూలు

పథ్యమేమీ లేదు. మాంసం, గుడ్లు, వంకాయ, పులుపు అన్నీ తినొచ్చు. తలస్నానం చేయొచ్చు. గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ ఈ వ్యాక్సిన్, సీరం రెండూ ఇస్తారు, బిడ్డకు ఏ హానీ లేదు. కీళ్లవాతానికో మలేరియాకో హైడ్రాక్సీక్లోరోక్విన్, క్లోరోక్విన్ వాడుతున్నా, స్టెరాయిడ్లు వాడుతున్నా ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. ఏ పద్ధతిలో వేయాలో వారు దాన్ని బట్టి నిర్ణయిస్తారు. మద్యం అలవాటున్నవారు ఈ నెల్లాళ్లూ మానితే మంచిదే, కానీ తాగామన్న జంకుతో డోసును వాయిదా వేయొద్దు.

ప్రశ్న: మా పెంపుడు కుక్కకు ఏటా టీకా వేయిస్తున్నాం. ఆటలో మా అమ్మాయి మోచేతిని పన్నుతో గీరి రక్తం తెప్పించింది. దానికీ ఇంజెక్షన్లు కావాలా? పది రోజులు చూస్తే చాలంటారే?
— విశాఖపట్నం పాఠకుడు

"పది రోజులు చూడడం" అన్న మాటను చాలామంది తలకిందులుగా అర్థం చేసుకున్నారు. పది రోజులు చూసి ఆపై వైద్యం మొదలుపెట్టడం కాదు, ఈరోజే వైద్యం మొదలుపెట్టి పది రోజులపాటు కుక్కను గమనించడం. కరిచే సమయానికి ఎంగిలిలో వైరస్ ఉన్న కుక్క లేదా పిల్లి సాధారణంగా పది రోజుల్లోగా జబ్బుపడి చనిపోతుంది. పదో రోజు కూడా అది ఎప్పటిలా తిని, తిరుగుతుంటే ఆ కాటుతో రేబిస్ రాదని తేలినట్టే, మిగతా డోసులు ఆపేయాలో లేదో డాక్టరు చెబుతారు. ఈ లెక్క కుక్కకూ పిల్లికీ మాత్రమే. కోతికీ ముంగిసకూ వర్తించదు.

ఏటా టీకా వేయించడం మీరు చేస్తున్న మంచి పని. కానీ టీకా వేసిన ప్రతి కుక్కకూ రక్షణ వచ్చిందని ఖాయంగా చెప్పలేం. మందు చల్లదనం తప్పి ఉండొచ్చు, కుక్క ఒళ్లు స్పందించి ఉండకపోవచ్చు. అందుకే మీ అమ్మాయికి వ్యాక్సిన్ మొదలుపెట్టించండి. రక్తం వచ్చింది గనుక సీరం సంగతి కూడా డాక్టరును అడగండి. కుక్కను కట్టేసి ఉంచండి, చంపొద్దు, తరిమేయొద్దు. కనిపించకుండా పోతే దాన్ని రేబిస్ కుక్కగానే లెక్కించాల్సి వస్తుంది.

గమనించడమంటే నురగ కక్కుతుందేమోనని చూడడం ఒక్కటే కాదు. అరుపు బొంగురుపోవడం, కింది దవడ వేలాడడం, మింగలేక చొంగ కారడం, చీకటి మూలల్లో దూరడం, కట్టెలు, మట్టి కొరకడం ఇవన్నీ గుర్తులే. మూగ రేబిస్‌లో కుక్క ఎవరి మీదికీ రాదు, నీరసంగా పడి ఉంటుంది. పాపం జబ్బు చేసిందని దగ్గరికి తీసుకుని నోట్లో మందు పోసేవారికే అప్పుడు ప్రమాదం.

ప్రశ్న: మా గేదె పిచ్చెక్కినట్టు అరిచి, చొంగ కార్చి మూడు రోజుల్లో చనిపోయింది. నెల కిందట దాన్ని కుక్క కరిచింది. దాని పాలు ఇంటిల్లిపాదీ తాగాం.
— ప్రకాశం జిల్లా రైతు

కాచిన పాలతో భయం లేదు, కాగితే వైరస్ చస్తుంది. పచ్చిపాలు తాగినవారు ఉంటే డాక్టరును కలవండి. కానీ మేం మిమ్మల్ని అడగాల్సిన అసలు ప్రశ్న వేరే: గేదె చొంగ కారుస్తుంటే గొంతులో ఏదో అడ్డుపడిందని దాని నోట్లో చెయ్యి పెట్టినవారు ఎవరు? మందు తాగించినవారు ఎవరు? రైతు చేతులకు గడ్డి కోసిన గీతలు, పగుళ్లు ఎప్పుడూ ఉంటాయి. వాటికి ఆ చొంగ తగిలితే కరిచినట్టే, మూడో కేటగిరీ కిందికే వస్తుంది. వారికి ఈరోజే వ్యాక్సిన్, సీరం మొదలుపెట్టించండి. మిగతా పశువుల్లో వేటినైనా ఆ కుక్క కరిచిందేమో ఆరా తీసి పశువుల డాక్టరుకు చెప్పండి. కుక్క కాటు తిన్న పశువులకు కూడా వ్యాక్సిన్ ఉంది.

ప్రశ్న: ఎలుక కొరికితే? కోతి గీరితే?
— పలువురు

ఇంటి ఎలుక, ఉడుత, కుందేలు కొరికితే మామూలుగా రేబిస్ వ్యాక్సిన్ అవసరం ఉండదు. సబ్బుతో కడిగి, డాక్టరుకు చూపించి టీటీ సంగతి చూసుకోండి. కోతి, ముంగిస, నక్క, తోడేలు, ఎలుగుబంటి కరిచినా రక్కినా మాత్రం మూడో కేటగిరీగా తీసుకుని పూర్తి వైద్యం చేయించాలి. గుళ్లో కోతి చేతిలో ప్రసాదం లాక్కుంటూ గీరితే కూడా అంతే.

ప్రశ్న: రెండు నెలల కిందట కుక్క కరిచింది. నాటుమందు మింగి ఊరుకున్నాను. ఇప్పుడు భయం పట్టుకుంది. ఇప్పుడు వేయించుకుని లాభముందా?
— ఒక యువకుడు, ఆదిలాబాద్

ఉంది. ఈ జబ్బు బయటపడడానికి మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు, కొందరిలో ఏడాది దాటి కూడా పడుతుంది. ఇప్పటిదాకా మీరు బాగున్నారంటే వ్యాక్సిన్ పనిచేయడానికి వ్యవధి మిగిలి ఉండొచ్చు. నిన్ననే కరిచినట్టుగా భావించి, వ్యాక్సిన్, సీరం రెండూ మొదలుపెడతారు. గాయం మానిపోయినా, ఆ చోటు గుర్తుంటే చూపించండి. ఆ చోట తిమ్మిరి, మంట, దురద మొదలైతే, లేదా నీళ్లు మింగడం కష్టమైతే, గాలి తగిలినా గొంతు పట్టేస్తుంటే ఒక్క క్షణం ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: మూడేళ్ల కిందట ఐదు డోసులూ పూర్తిగా వేయించుకున్నాను. మొన్న మళ్లీ కరిచింది. మళ్లీ ఐదా?
— సిద్దిపేట పాఠకుడు

అక్కర్లేదు. ఒకసారి కోర్సు పూర్తి చేసినవారి ఒళ్లు ఆ రక్షణను గుర్తుపెట్టుకుంటుంది. ఈసారి 0, 3 రోజుల్లో రెండు డోసులు చాలు, గాయం ఎంత పెద్దదైనా సీరం అవసరం లేదు. గాయం కడగడం మాత్రం ఎప్పటిలాగే పదిహేను నిమిషాలు. పశువుల ఆసుపత్రుల సిబ్బంది, కుక్కలు పట్టేవారు, సెలవుల్లో పిల్లలతో ఊరికొచ్చే విదేశాల్లోని మనవాళ్లు ముందుజాగ్రత్తగా 0, 7 రోజుల్లోనూ, 21 లేదా 28వ రోజునా మూడు డోసులు వేయించుకుంటే వారికీ ఇదే వెసులుబాటు ఉంటుంది.

అయితే మీరు పూర్తి చేశారనడానికి డాక్టరుకు రుజువు కావాలి. ఆసుపత్రి చీటీ లేకపోతే మొదటిసారి కరిచినట్టే లెక్కేసి మొత్తం వేస్తారు. ప్రతి డోసు వేసినరోజే తేదీ రాయించుకుని, చీటీని ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి.